కదిలే పేజీ

కిందటి వారం పెద్దదాన్ని మనం మెట్ల మీద వదిలేశాం. ఒక కాలు పై మెట్టు మీద, ఒక కాలు కింది మెట్టు మీద, చంకలో పుస్తకాల మూట, జడ కొసనుంచి కారుతున్న వాన నీళ్లు. ఏడు రోజులు ఆడపిల్లను అలా నిలబెట్టడం పాపమే. కానీ తలుపు సందులోంచి తను చూసింది మీరు చూసినా మీ కాలూ అక్కడే ఆగిపోయేది.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్లకి నాలుగు ముక్కలు. కింద బైండింగు షాపు, పైన ఒక్క గది ఇల్లు. నాన్న, ఇద్దరు కూతుళ్లు. చిన్నదాన్ని ఇంట్లో పిచ్చుక అంటారు. ఏడాదిన్నర కిందట ఒక లెక్చరరు గారు ఇంకెక్కడా దొరకని పాత పుస్తకాన్ని కుట్టమని ఇస్తే, పిచ్చుక దాన్ని చదివి ఊరుకోక, నచ్చిన వాక్యాల కిందల్లా పెన్నుతో గీతలు గీసింది. పదకొండు పేజీల నిండా. నాన్నకు తల కొట్టేసినట్టయింది. ఆ పెద్దమనిషి ముందే, "ఇక నువ్వు ఈ ఇంట్లో పుస్తకం ముట్టుకోకు" అన్నాడు. పిచ్చుక ముట్టుకోలేదు. మొదటి జీతంతో పుస్తకాలు చదివే పలక ఒకటి కొనుక్కొచ్చింది. దీని మీద ఎంత గీసినా ఎవరికీ నొప్పి పుట్టదు, చెరిపేస్తే మచ్చ కూడా ఉండదు అంది. "ఆ పలక ఈ గడప దాటి లోపలికి రాకూడదు" అన్నాడు నాన్న. పిచ్చుక పలకను గడప మీద పెట్టి, తను గడప దాటి వెళ్లిపోయింది. ఫోన్ నంబరు కూడా మార్చేసింది.

పలక పారేశానని పెద్దది నాన్నకు అబద్ధం చెప్పి, అట్టలకు అతికించే కాలికో బట్ట ముక్కల పెట్టెలో అడుగున దాచింది. ఆరు వారాల నుంచి, సాయంత్రం నాన్న నడకకు వెళ్లగానే తీసి ఒక లావుపాటి నవల చదువుతోంది. చదువుతూ ఒక వింత కనిపెట్టింది. ఈ సాయంత్రం తను ఆపిన చోట మర్నాడు పుస్తకం తెరుచుకోవడం లేదు. రెండు మూడు పేజీలు ముందుకు నడిచి ఉంటోంది. అక్కడక్కడ వాక్యాల కింద తను గీయని గీతలు. ఇంకేం కావాలి? పలకకీ పిచ్చుక ఫోనుకీ ఒకటే ఖాతా, ఎక్కడో ఒక చోట అది తన ఫోన్లో ఇదే పుస్తకం చదువుతోంది, అది తిప్పితేనే ఇక్కడ పేజీ కదులుతోంది అని గట్టిగా నమ్మేసింది.

ఈ వేళ పుస్తకాలు అప్పజెప్పడానికి వెళ్తే వానకి అక్కడ తలుపులు మూసేసి ఉన్నాయి. అయిదింటికి రావలసింది నాలుగింటికే వచ్చింది. తలుపు సందులోంచి చూస్తే కిటికీ పక్క కుర్చీలో నాన్న. ఆయన చేతిలో పలక.

పలక వెలుగు ఆయన గడ్డం మీద పడుతోంది. బయట వాన, గదిలో సగం చీకటి, కింది నుంచి మైదా బంక వాసన. ఆయన పెదవులు మెల్లగా కదులుతున్నాయి. చదవడం నేర్చుకుంటున్న పిల్లాడిలా ఉన్నాడు. పెద్దదానికి మొదట కోపం రాలేదు, భయమూ వేయలేదు. కలలో మన ఇంట్లోనే మనకు తెలియని గది ఒకటి కనపడితే ఎలా ఉంటుందో అలా అనిపించింది.

ఈ ఆరు వారాలూ దానిది అలాంటి బతుకే. పగలంతా పుస్తకాల మధ్య. కానీ బైండింగు పని చేసేవాళ్లకి పుస్తకం కనపడుతుంది గానీ కథ కనపడదు. ఏ పుస్తకం తెరిచినా పెద్దదాని చూపు ముందు వెన్ను మీదికి పోతుంది. కుట్టు వదులైందా, మడిచిన పేజీల ఫారాలు వరసలో ఉన్నాయా, అంచు సమంగా కోశారా. రాజుగారు యుద్ధంలో చచ్చిపోతున్నా సరే, దాని బెంగంతా ఆ పేజీ ఊడిపోతుందేమోనని. రోజంతా పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషికి తిండి సయించనట్టు, కాగితం పుస్తకం దానికి సయించడం మానేసి చాలా కాలమైంది. పలకలో వెన్ను లేదు, దారం లేదు, బంక లేదు. బాగుచేయవలసింది ఏమీ లేదు. కథ ఒక్కటే ఉంది. ఎనిమిది వందల పేజీల నవల, సముద్రం ఒడ్డున దీపస్తంభం కాపలా కాసే కుటుంబం కథ, ఒక చేత్తో పట్టుకుని చదువుతూంటే పెద్దది పదేళ్ల పిల్ల అయిపోయేది.

పదేళ్లప్పుడు చెల్లెలూ తనూ ఒకే దుప్పటిలో దూరి ఒకే పుస్తకం చదివేవాళ్లు. పెద్దది పట్టుకునేది, చిన్నది పేజీ తిప్పేది. "తిప్పనా?" అని అడిగేది పిచ్చుక. "తిప్పు తిప్పు" అని తొందరపెట్టేది పెద్దది, ఎందుకంటే అది ఎప్పుడో చదివేసి ఉండేది. పలకలో పేజీ నడిచి ఉండడం చూసినప్పుడల్లా దానికి ఆ దుప్పటి లోపలి వెచ్చదనం తగిలేది. చెల్లెలు ఏ ఊళ్లో ఉందో, ఏ గదిలో ఉందో తెలియదు. కానీ ఏ పేజీలో ఉందో తెలుసు. చాల్లే అనుకునేది. రోజూ పడుకునే ముందు, "ఇవాళ మూడు వందల తొంభై తొమ్మిదిలో ఉంది, క్షేమంగానే ఉంది" అనుకుని నిద్రపోయేది.

ఇంతలో చంకలోని మూట జారి మెట్టు మీద దభీమని పడింది.

నాన్న ఉలిక్కిపడి పలకను చొక్కా కింద దోపేశాడు. పెద్దది లోపలికి వచ్చి నిలబడింది. దొంగను పట్టుకోవడానికి ఇంకో దొంగ వచ్చినట్టుంది వ్యవహారం.

"ఏంటి నాన్నా అది?"

"ఏది?"

"చొక్కా కింద పెట్టావే, అది."

"అదా... అట్ట."

"అట్ట వెలుగుతోందేంటి?"

నిజమే, పల్చటి చొక్కాలోంచి పొట్ట మీద నలుచదరంగా వెలుగు కనపడుతోంది. నాన్న కిందికి చూసుకున్నాడు. తర్వాత మెల్లగా పలక బయటికి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"పారేశానన్నావు కదే" అన్నాడు.

"లోపలికి రాకూడదన్నావు కదా."

పెద్దది వెనక్కి వెళ్లి మెట్టు మీది మూట తెచ్చి గోడ వారన పెట్టింది. బయట వాన ఆపకుండా మాట్లాడుతూనే ఉంది.

"ఎన్నాళ్ల నుంచి?" అంది పెద్దది చివరికి. "నేను పుస్తకాలు ఇచ్చిరావడానికి వెళ్లినప్పుడల్లానా? మూడు నుంచి అయిదు దాకా?"

ఆయన తలూపాడు. "కాలికో ముక్క కోసం వెతుకుతుంటే చేతికి తగిలింది. నెలన్నర అయిందేమో. కోపం వచ్చింది. నీ మీదా, దాని మీదా. విసిరేద్దామని పట్టుకుంటే వెలిగింది." ఆగాడు. "అక్షరాలు కనపడ్డాయి. కనపడ్డాయంటే... చీమల బారులా. అన్నీ నాకట్లాగే కనపడుతున్నాయిలే ఈమధ్య. బట్ట ముడత పడితే సాగదీస్తాం చూడు, అట్లా రెండు వేళ్లు పెట్టి ఊరికే లాగాను. అక్షరం పెరిగింది, తల్లీ. చదివాక నీకు తెలియకుండా మళ్లీ చిన్నది చేసి పెట్టేవాణ్ణి."

"నీకు కళ్లు కనపడవా?"

"కనపడతాయి. మనుషులు కనపడతారు, మెట్లు కనపడతాయి. అచ్చే కనపడదు." ఏదో చిన్న తప్పు ఒప్పుకుంటున్నట్టు అన్నాడు. "రెండేళ్లయింది. మడత, దారం, అంచు, అన్నీ వేళ్లకే తెలుసు కదా. పని ఆగలేదు. లాయరు గారి పుస్తకంలో ఫారం తలకిందులుగా కుట్టింది నువ్వు కాదు. నేనే."

ఆ పుస్తకం వెనక్కి వచ్చిన రోజు పెద్దది తనే పరధ్యానంగా కుట్టి ఉంటాననుకుని లాయరు గారికి రెండు చేతులూ ఎత్తి క్షమించమంది. నాన్న పక్కనే నిలబడి దబ్బనానికి సాన పెడుతున్నాడు. నోరు విప్పలేదు. అది గుర్తొచ్చినా పెద్దదానికి ఇప్పుడు కోపం రాలేదు, జాలే వేసింది. తడి జడ పిండుకుంటూ ఆయన కాళ్ల దగ్గర చతికిలబడింది.

"నలభై ఏళ్ల నుంచి పుస్తకాలు కుడుతున్నాను. ఎన్ని వేల పుస్తకాలకి నడుం కట్టానో. ఒక్క పుస్తకమైనా, పాపం ముసలాడికి వినపడటం లేదని గొంతు పెంచి మాట్లాడిందా? ఇది మాట్లాడింది" అన్నాడు నాన్న, పలక మీద అరచెయ్యి ఆనించి. "రోజుకి మూడు పేజీలు. అంతకంటే చదవలేను. పేజీ అయ్యాక కాసేపు కిటికీలోంచి చూస్తాను. మళ్లీ వచ్చి చదువుతాను."

"మధ్యలో పేజీలు? రోజూ నేను పదేసి పేజీలు ముందుకి వెళ్లిపోతానే, మరి అవి?"

"వెనక్కి తిప్పడం నాకు రాదు."

"అంటే తెరిచిన చోట నుంచే చదువుతున్నావా?"

"మరి? నువ్వు సాయంత్రం పదేసి మింగేస్తావు, మర్నాడు నాకు మూడు వదిలిపెడతావు. వాళ్లకి పెళ్లి ఎప్పుడైందో నాకు తెలీదు, తెరిచేసరికి కవలలు పుట్టి ఉన్నారు."

పెద్దదానికి నవ్వొచ్చింది. పగలబడి నవ్వింది. అలా నవ్వుతూ నవ్వుతూనే ఏడుపు మొదలైంది. నవ్వు ఎక్కడ ఆగి ఏడుపు ఎక్కడ మొదలైందో నాన్నకు తెలియలేదు. ఆడపిల్లల తండ్రులకు సాధారణంగా తెలియదు.

"ఏమైందే? తిడతాననుకున్నావా? తిట్టనులే."

"పేజీ కదిపింది నువ్వా నాన్నా," అంది పెద్దది. "పిచ్చుక అనుకున్నాను. ఈ ఆరు వారాలూ అది నాతో కలిసి చదువుతోందనుకున్నాను. ఎక్కడో ఉంది, బాగానే ఉంది, పుస్తకం చదివే తీరిక ఉందంటే కడుపు నిండా తింటోందనుకున్నాను. నువ్వేంటి నాన్నా, ఉన్నట్టుండి మళ్లీ దాన్ని తీసుకెళ్లిపోయావు."

ఆ మాట అనకూడదని అన్నాకే తెలిసింది. నాన్న మొహం మీది వెలుగు ఆరిపోయింది, ఎందుకంటే ముట్టుకోక చాలాసేపవడంతో పలక కళ్లు మూసుకుంది. ఆయన దాన్ని మళ్లీ తట్టాడు. చూపుడు వేలితో కాదు, ఆ వేలి కొస దబ్బనానికి కాయలు కాసి మొద్దుబారింది, తగిలినా పలకకు తెలియదు. తట్టాలన్నా, బొటనవేలితో కలిపి లాగాలన్నా ఆయనకు ఉంగరపు వేలే గతి. తట్టగానే నవల కంటే ముందు అద్దం నిండా పెద్ద అక్షరాలు: పిచ్చుక పలక.

"ఇది ఎవరిదో నాకు తెలియకపోవడం ఏంటి?" అన్నాడు. "రోజూ ముందు ఇది చదివే మొదలుపెడతాను."

పెద్దది కళ్లు తుడుచుకుంది. మనసులో ఏదో ఒక ముడి మాత్రం విడటం లేదు. పేజీ నాన్న తిప్పాడు, సరే. మరి...

"గీతలు కూడా నువ్వే గీశావా?"

"నేనా?" నాన్న నిజంగానే నొచ్చుకున్నాడు. "పుస్తకం మీద నేను గీత గీస్తానా? నువ్వు గీస్తున్నావనుకున్నాను."

"నేనా?"

"చూశాను. ఒకటీ రెండూ కాదు. పెద్దది కూడా మొదలుపెట్టిందే అని ఒళ్లు మండింది. నోటిదాకా వచ్చింది. మింగేశాను." ఆయన కిటికీ వైపు తిరిగాడు. "గీత గీసిందని ఒకసారి నోరు జారితే ఒక పిల్ల పోయింది. ఇంకోసారి జారితే ఇంకో పిల్ల పోతుంది. గీసుకోనీలే అనుకున్నాను. పుస్తకం నిండా గీసుకోనీ."

నాన్న గీయలేదు. తను గీయలేదు. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది, కానీ ఎవరూ పైకి అనలేదు. అంటే పారిపోతుందేమోనని భయం.

పెద్దది ఆయన కుర్చీ చేతి మీద ఎక్కి కూర్చుంది. కింద షాపు పక్కనే ఉండే టైలరు గారు పెట్టించుకున్న నెట్టు ఈ కిటికీ దగ్గర మాత్రమే కాస్త అందుతుంది, ఆయన పుణ్యాన ఇన్నాళ్లూ నడిచింది. ఇద్దరూ పలక మీదికి వంగారు. నాలుగు వందల పన్నెండో పేజీ. నాన్న కోసం పెంచిన అక్షరాలు, అద్దం మీద ఆరు వరసలకి మించి పట్టలేదు. దీపస్తంభం కాపలాదారు భార్య అంటున్న మాట: "తలుపుకి గడియ పెట్టలేదని చెప్పడానికి కూడా ఒకరు ఉండాలి." దాని కింద గీత.

"నేను మొదటిసారి చదివినప్పుడు ఇది లేదు. అరగంట కిందట," అన్నాడు నాన్న. గొంతు తగ్గించాడు. నిద్రపోతున్న పసిపిల్ల పక్కన మాట్లాడినట్టు. "ఇదేంటి, బంక చుక్క?"

గీత చివర ఆవగింజంత చుక్క. నలభై ఏళ్ల అలవాటు ఊరుకుంటుందా? ఎండిన బంక అనుకుని ఆయన ఉంగరపు వేలి గోటితో గీకబోయాడు. గోరుతో పాటు వేలూ తగిలింది. చుక్క విచ్చుకుని చిన్న కాగితం ముక్కలా తెరుచుకుంది. పెద్దది పైకి చదివింది.

"'సాయంత్రం చదివేది మా అక్క. మధ్యాహ్నం చదివేది మా అక్క కాదు. మా అక్క ఒక్కో పేజీ దగ్గర ఇంతసేపు ఆగదు. ఎవరు మీరు?'"

పెద్దది ఆ ముక్క మళ్లీ చదివింది. ఉంది. చదువుతోంది. తను అనుకున్నదంతా నిజమే, ఒక్క పేజీ సంగతి తప్ప.

"రాయవే, రాయి!" అన్నాడు నాన్న పలకను దాని చేతుల్లోకి తోస్తూ. "నువ్వే రాయి. ఎక్కడున్నావే అని అడుగు. తిన్నావా అని అడుగు."

"నన్ను అడగలేదు నాన్నా అది. మధ్యాహ్నం చదివే మనిషిని అడిగింది."

"నేను పుస్తకం మీద రాయ..."

అనబోయి ఆగిపోయాడు. తన మాట తనకే వినపడింది. ఏడాదిన్నరగా ఆ గదిలో వేలాడుతున్న మాట అదే కదా. చొక్కా అంచుతో ఉంగరపు వేలు తుడుచుకున్నాడు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ మొదలుపెట్టాడు. పెద్దది సాయం చేయబోతే మోచేత్తో పక్కకు నెట్టాడు. ఎంతసేపు పట్టిందో తెలియదు, చూరు నీళ్లు బకెట్టు నిండి పొర్లడం మొదలుపెట్టాయి.

'నేను. నాన్నని. కళ్లు సరిగా కనపడవు. అందుకే ఆలస్యం.'

పెద్దది నొక్కింది. మాటలు వెళ్లిపోయాయి. ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు.

ముందు ఏమీ జరగలేదు. తర్వాత చుక్క మాయమైంది. దాని వెనకే, గడియ గురించిన వాక్యం కింది గీత కూడా, ఎవరో తడి గుడ్డతో తుడిచినట్టు, లేకుండా పోయింది. పెద్దది గబగబా వెనక్కి తిప్పింది. నాలుగు వందల ఒకటి. అక్కడ నిన్న గీత ఉంది, ఇప్పుడు లేదు. మూడు వందల ఎనభై ఏడు, లేదు. మూడు వందల నలభైలో ఇంకా ఉంది, చూస్తుండగానే పోయింది.

"చెరిపేస్తోంది నాన్నా."

"ఎందుకే?"

"నువ్వని తెలిసింది కదా."

కోపంతో చెరుపుతోందో, పుస్తకం మీద గీతలు చూస్తే నాన్న మళ్లీ తిడతాడని భయంతో చెరుపుతోందో పెద్దదానికి తెలియలేదు. కాగితమైతే ఎంత రుద్దినా గీత చోటు పల్లంగా మిగిలేది, నాన్న వేలికి తెలిసేది. ఇందులో ఏమీ మిగలదు. ఆ సుఖం కోసమే కదా అక్కాచెల్లెళ్లిద్దరూ దీన్ని ఇష్టపడింది! ఇప్పుడు ఆ సుఖమే పెద్దదాన్ని వణికించింది.

"నేనున్న పేజీ పెట్టు" అన్నాడు నాన్న. "గీత ఎలా గీస్తారు?"

"నువ్వా?"

"చెప్పవే, టైము లేదు."

"మాట మీద వేలు పెట్టి కాసేపు ఉంచు. తర్వాత లాగు."

వాక్యం ఆయనకు కంఠతా వచ్చేసింది. ఎక్కడుందో మాత్రం మసగ్గా తెలుస్తోంది. ఉంగరపు వేలు ఆనించాడు, ఆగాడు, లాగాడు. నలభై ఏళ్లు అంచులు కోసిన చెయ్యి, బద్ద పెట్టి గీసినట్టు తిన్నగా వచ్చింది గీత. మొదటి మాట ఒక్కటే తప్పిపోయింది. 'తలుపుకి' అన్నది బయటే ఉండిపోయింది, మిగతా వాక్యం కింద చివరిదాకా గీత నిండింది. జీవితంలో పుస్తకం మీద ఆయన గీసిన మొదటి గీత అది.

పుస్తకం మొత్తం మీద ఇప్పుడు ఉన్నది అదొక్కటే.

వాన కాస్త సన్నబడింది. కింద టైలరు గారి మిషను ఆగి, మళ్లీ మొదలైంది. ఆ గీత కూడా పోతుందని ఇద్దరూ ఎదురుచూశారు. పోలేదు. చాలాసేపటికి దాని చివర ఆవగింజంత చుక్క పుట్టింది.

ఈసారి గోటితో గీకలేదు నాన్న. వేలు మెత్తగా ఆనించాడు. కాగితం ముక్క విచ్చుకుంది. పెద్దది ఒక్క చూపులో చదివేసింది, అది ఎప్పుడూ ముందే చదివేసే పిల్ల కదా. చదివి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తడి కళ్లతో నవ్వింది.

"ఏమందే? చదవవే, నీకు దణ్ణం పెడతాను. ఏమంది?"

పెద్దది తల అడ్డంగా ఊపింది. "నువ్వే చదువుకో నాన్నా" అంది.

ఆయన చీమల బారు లాంటి ఆ రెండు వరసల మీద రెండు వేళ్లు పెట్టి, ముడత పడ్డ బట్టను సాగదీసినట్టు, మెల్లగా లాగాడు.